పరుగుకు ఒక సహారా

మా పరిగిలో ఆడపిల్ల పరుగు మానేస్తే ‘పెద్దదయింది, శరమ్ వచ్చింది’ అంటారు. చాలాసార్లు అసలు వజహ్ నొప్పి. నిండైన ఛాతీ ఉన్న పిల్లకు ప్రతి అడుగూ తక్లీఫే. మా ఖాలా మనవరాలు కానిస్టేబుల్ పరీక్షలో ఉండే 1600 మీటర్ల పరుగు కోసం రెండు బాడీలు ఒకదాని మీద ఒకటి తొడుక్కునేది. ఊపిరాడక సగంలోనే కూర్చుండిపోయేది.

ఈ ఫికర్ మనదొక్కటే కాదు. 1977లో అమెరికాలో లిసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే ముగ్గురు, మగ ఆటగాళ్ల లంగోటాలు రెండు కలిపి కుట్టి స్పోర్ట్స్ బ్రా తయారుచేశారు. ఈత, సైకిల్, పరుగు ఒకే బట్టల్లో చేసే ట్రయథ్లాన్ ఆడవాళ్లు ఇప్పటికీ సరైనదాన్ని వెతుక్కుంటూనే ఉన్నారు.

హిందూపురంలో ఒక దుకాణంలో స్మాల్, మీడియం, లార్జ్ అని మూడు ముందర పడేశారు. సైజు అట్లా తేలదు ఆపా. ఛాతీ కింద ఒకసారి, ఛాతీ మీద ఒకసారి టేపుతో నాప్ తీసుకోవాలి. బరువు ఎక్కువగా మోయాల్సింది కింది పట్టీ, భుజాల పట్టీలు కాదు. రెండు కప్పులూ వేర్వేరుగా ఉన్నవి మేలు. తొడుక్కుని నాలుగు గెంతులు గెంతి చూడాలి.

పైన కుర్తా, దుపట్టా ఎవరి మర్జీ వాళ్లది. లోపలి సహారా మాత్రం జరూరత్. మీ బేటీని మీరే అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.