పైకప్పు ఉందా?

టోక్యో నుంచి బుల్లెట్ రైలెక్కితే తకాసాకికి గంట కూడా పట్టదు. గున్మా ప్రాంతంలోని ఈ ఊరు దరుమా బొమ్మలకు ఫేమస్. దరుమా అంటే ఎవరో కాదు, మన బోధిధర్ముడే. కోరిక కోరుకున్నప్పుడు బొమ్మకు ఒక కన్ను గీస్తారు, తీరాక రెండోది. టూరిస్టులు వచ్చేది ఆ బొమ్మల కోసం. మేం మాత్రం ఒక పాత కారు కోసం వెళ్లాం. కొనేది మా ఆఫీసు ఫ్రెండు, నేను తోడు.

ఆ కారు నిస్సాన్ ఫిగారో. 1991లో దాదాపు 20 వేలు తయారుచేశారంతే. కావాలన్నవాళ్లు ఎక్కువైపోయి లాటరీ తీసి అమ్మారు. రంగులు నాలుగే, రుతువుకొకటి. చూడ్డానికి పాత సినిమాల్లో హీరోయిన్ దిగే కారులా ఉంటుంది. లోపల ఉన్నది చిన్న ఇంజినే, 987 సీసీ, టర్బోతో. పైకప్పు గుడ్డది, వెనక్కి మడవొచ్చు.

అమ్మే పెద్దాయనకు ఎనభై దగ్గర పడ్డాయి. లాటరీలో కారు తగిలింది ఆయన భార్యకట. ఆవిడ పోయాక ఈయనే నడిపారు. ఇప్పుడు లైసెన్సు వెనక్కి ఇచ్చేస్తున్నారు. వయసు మళ్లాక ఇలా తమంతట తాము ఇచ్చేసేవాళ్లు జపాన్‌లో చాలామందే.

మావాడు ముందు రంగు చూడలేదు. నేలమీద పడుకుని, టార్చి వేసి కారు అడుగు చూశాడు. మంచు పడే చోట్ల రోడ్లమీద ఉప్పు చల్లుతారు, అది ఇనుమును తినేస్తుంది. ఇక్కడ తుప్పు జాడే లేదు. "మంచు రోజుల్లో బయటికే తీయలేదు" అంటూ పెద్దాయన ఒక లావు ఫైలు తెచ్చారు. ఇక్కడ కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి తనిఖీ తప్పదు. ఆ రికార్డులన్నీ అందులో ఉన్నాయి, మార్చిన ప్రతి బెల్టూ తేదీతో సహా. 13 ఏళ్లు దాటిన పెట్రోలు కారుకు ఏటా కట్టే పన్నూ పెరుగుతుంది. ఇష్టం ఉంటే తప్ప ఇన్నాళ్లు ఎవరూ ఉంచుకోరు.

ఎగుమతి వ్యాపారి ఒకాయన మావాడికంటే ఎక్కువే ఇస్తానన్నాడట. బ్రిటన్‌లో ఫిగారోకి అభిమానులు బోలెడు, వాళ్లదీ కుడివైపు స్టీరింగే కదా. అమెరికాలోనూ 25 ఏళ్లు దాటిన కారుకు అక్కడి భద్రతా ప్రమాణాలు అడ్డురావు. మనదీ కుడివైపే గానీ, మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారును మామూలుగా దేశంలోకి రానివ్వరు. కాబట్టి నేను ఆశపడలేదు!

మన దగ్గరైతే బేరం "ఫైనల్ ఎంత?" దగ్గర మొదలవుతుంది. ఆయన అడిగింది వేరు: "నీ పార్కింగ్‌కి పైకప్పు ఉందా?"

పార్కింగ్ స్థలం ఉందని పోలీసులు సర్టిఫికెట్ ఇవ్వనిదే ఇక్కడ కారు మన పేరు మీదకు రాదు. కానీ పైన కప్పు ఉండాలని చట్టం అడగదు. గుడ్డ టాపు ఎండకూ వానకూ పాడైపోతుందని ఆయన బాధ.

"లేదండీ. కప్పున్నది అద్దెకు వెతుకుతా. దొరికాకే తీసుకెళ్తా" అన్నాడు మావాడు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి తన ముద్ర తెచ్చారు. అమ్మకం కాగితం మీద ఇక్కడివాళ్లు సంతకంతో సరిపెట్టరు, ఆఫీసులో నమోదైన సొంత ముద్ర వేయాలి. వేసే ముందు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

షెడ్డు దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఫొటో పంపమన్నారు. చూశాకే తాళాలిచ్చారు.