డ్యాష్‌బోర్డు పగిలింది కదా అని విప్పితే

మిరప కోతలు, అమ్మకాలు అయిపోయి మన పికప్‌కి కాస్త తీరిక దొరికింది. ఈ వారం దాని డ్యాష్‌బోర్డు మార్చాం. ఊళ్లో చూసినోళ్లు ఎంతయింది, ఎక్కడ దొరికింది అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తది. కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిగ్గా చదవండి.

బండి 2010 మోడల్, మేం రెండో చేతిమీద కొన్నాం. ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. మన పల్నాడు ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గుంటూరు యార్డుకి టిక్కీలు ఏసుకుపోతే కాటా అయ్యేదాకా బండి ఎండలోనే. ఎండ ప్లాస్టిక్‌ని పెళుసు చేస్తది. ముందు అద్దం కొంత ఆపుద్ది గానీ మొత్తం ఆపదు. పగలు వేడికి సాగి, రాత్రికి ముడుచుకుని, ఏళ్ల తరబడి అదే పని. చీలిక ఎప్పుడూ ఏదో బెజ్జం దగ్గరే మొదలవుద్ది. మా దాంట్లో పాత ఓనరు స్పీకరు కోసం కోసిన చోట మొదలై మీటరు దాకా పాకింది.

మా పెద్దోడు "నాన్నా, ఈ పాత బండికి ఇంకా డబ్బులెందుకు, చీలిక మీద రెగ్జిన్ కవరు ఏసేస్తే సరిపోద్ది, లేకపోతే అమ్మేద్దాం" అన్నాడు. కొత్త బండి అంటే నెలనెలా కిస్తీ కట్టాలి. మూడెకరాల సేద్యంలో ఆ కిస్తీ ఎక్కడ్నుంచి తెస్తాం? కవరు వద్దన్నది మాత్రం అందం కోసం కాదు. తాళం తిప్పగానే మీటర్లో ఎర్రగా ఆయిల్ లైటు వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి గదా. మా బండిలో అది ఒకరోజు వెలుగుతోంది, ఒకరోజు వెలగట్లేదు. డ్యాష్‌బోర్డు చీలి మీటరు కిందికి జారింది కాబట్టి జబ్బు దాని వెనకాలే ఉంటదని నాకు గట్టి నమ్మకం. ఆయిల్ ప్రెజరు పడిపోయినప్పుడు ఆ లైటు వెలక్కపోతే డ్రైవరుకి తెలీదు, ఇంజను పట్టేసేదాకా నడుపుతూనే ఉంటాడు. ఇంజను బోరుకొస్తే ఒక సీజను లాభం దానికే సరి.

మా బావమరిది మోటార్లు, వైరింగు చేస్తాడు. అతన్ని పిలిచాను. మొదట బ్యాటరీ మైనస్ తీసేశాం. ఇది తీయకుండా లోపల చెయ్యి పెట్టొద్దు. స్టీరింగు తీసేముందు చక్రానికీ రాడ్డుకీ కలిపి సుద్దతో గీత పెట్టాం, మళ్లీ అదే వరసలో కూర్చోవాలి కదా. నడిమి నట్టు మొత్తం ఊడదీయకుండా నాలుగు చుట్లు ఉంచి లాగాలి. లేకపోతే చక్రం ఒక్కసారిగా వచ్చి మూతికి కొట్టుద్ది. మీ బండికి ఎయిర్‌బ్యాగు ఉంటే, పసుపు రంగు కనెక్టర్లు కనపడితే, ఇంటి దగ్గర విప్పొద్దు. తెలిసిన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి.

స్క్రూలు అన్నీ ఒక పొడుగు ఉండవు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే అవతల వైరుకో ప్లాస్టిక్‌కో గుచ్చుకుంటది. మా ఇంటావిడ కోడిగుడ్ల అట్ట తెచ్చిచ్చింది. ఒక్కో గుంటలో ఒక చోటువి ఏసి పక్కన పేరు రాసుకున్నాం. ప్రతి కనెక్టరూ పీకేముందు ఫోన్లో ఫొటో, దానికో టేపు ముక్క, దాని మీద నంబరు. స్పీడు మీటరు కేబులు వెనకాల క్లిప్పు నొక్కితేనే వస్తది, ఊరికే గుంజితే విరుగుద్ది.

డ్యాష్‌బోర్డు బయటికొచ్చాక చూడాలి ఆ లోపలి సంసారం! బ్లోయరు గొట్టం పక్కన ఎలుక గూడు, మిరప తొడిమెలు, చిరిగిన గోనె పీచు. అదలా ఉంచండి. ఆయిల్ లైటు బల్బు హోల్డరు మీటరు వెనక సగం ఊడి వేలాడుతోంది. కుదుపు ఒక వైపుకొస్తే తగులుద్ది, ఇంకో వైపుకొస్తే వదిలేస్తది. దానికన్నా భయపెట్టింది ఇంకోటి. పాత ఓనరు టేపురికార్డరుకి ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన ఎర్ర వైరు. చీలిన డ్యాష్‌బోర్డు అదురుకి అది ఇనప పట్టీకి రాసుకుని రాసుకుని తొడుగు పోయి రాగి బయటపడింది. పక్కన పట్టీ మీద నల్లటి మచ్చ కూడా ఉంది. ఫ్యూజు ఉంటే అది కాలిపోయి ఆగుద్ది. లేకపోతే వైరే కాలాలి. ఎండు మిరపకాయ ఏసుకుని రాత్రిపూట పోయే బండిలో అది! మా పెద్దోడు ఆ మచ్చ చూసి ఇంక కవరు మాటెత్తలేదు.

ఆ వైరు మొత్తం పీకేశాం. ఎలుక కొరికిన రెండు చోట్ల మా బావమరిది సీసం పెట్టి అతికించి స్లీవు తొడిగాడు. ఉత్త టేపు చుడితే మన ఎండకి జిగురు కారి ఊడిపోద్ది. ఇంజను వైపు నుంచి వైర్లు లోపలికొచ్చే బెజ్జానికి రబ్బరు బుష్ లేదు, కొత్తది పెట్టాం. చార్జింగు లైటు బల్బు కూడా మాడిపోయింది. చాలా పాత బండ్లలో డైనమోకి మొదటి కరెంటు అందేది ఆ చిన్న బల్బు ద్వారానే. అది పోతే ఒక్కోసారి చార్జింగే మొదలవదు. మనమేమో బ్యాటరీ పోయిందని కొత్తది కొంటాం.

ఇక డ్యాష్‌బోర్డు సంగతి. పాతదాన్ని అతికిద్దామని ముందు చూశాం. వెనకాల అచ్చులో పీపీ అని ఉంది. పీపీకి మామూలు జిగుర్లు పట్టవు, వేడితోనే అతకాలి. అంత పొడుగు చీలికకి అది నిలవదు. షోరూములో ఆ మోడలుది ఇప్పుడు రావట్లేదన్నారు. విజయవాడ ఆటోనగర్ పోయి పాత సామాన్ల కొట్లు తిరిగాం. మా మీటరు, గ్లోవ్ బాక్సు గొళ్లెం సంచిలో పట్టుకుపోయాను. నోటితో మోడలు చెప్తే ఏదో ఒకటి అంటగడతారు. మధ్యలో మీటరు ఆకారం మారిన బండ్లు కూడా ఉన్నాయి. మూడో కొట్లో సరిగ్గా కూర్చునేది దొరికింది. 5,500 చెప్పాడు, 3,800కి ఇచ్చాడు. బెజ్జాలు ఏమీ కోయకుండా ఉన్నదే ఏరుకున్నాను. వైర్లు, బల్బులు, స్లీవులకి 640. మా బావమరిది డబ్బులు తీసుకోడు, నాటుకోడి కూరతో పంపించాం.

బిగించేటప్పుడు ముందు మీటరు కనెక్టర్లు పెట్టి, బ్యాటరీ తగిలించి, ఆయిల్ లైటు, చార్జింగు లైటు, ఇండికేటర్లు, వైపరు, హారను అన్నీ చూసుకున్నాం. అవన్నీ పనిచేశాకే స్క్రూలు. ఒక మూల గట్టిగా బిగించి ఇంకో మూలకి పోకూడదు, అన్నీ వదులుగా పెట్టి చివర్లో బిగించాలి. ఇనుముకి ఆనే చోట్ల పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాం, చప్పుడు పోయింది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ కదా, వచ్చే నెల మాది ఉంది. ఈ లైట్లు, హారనూ ఎటూ చూస్తారు.

మీ బండి ఎంత పాతదైనా రేపు పొద్దున తాళం తిప్పినప్పుడు ఆ ఎర్ర లైటు వెలుగుతుందో లేదో ఒక్కసారి చూడండి. ఇంకోటి, మాకు దొరికిన డ్యాష్‌బోర్డుకి గ్లోవ్ బాక్సు మూత లేదు, పాతది విరిగిపోయింది. 2010 పికప్‌ది ఎవరి దగ్గరన్నా పడుంటే కింద చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.