హజ్ డబ్బుతో బట్టల బాకీ

స్కూలు యూనిఫారాలు కుట్టేవాళ్ళకి ఏప్రిల్, మే, జూన్ నెలల్లో వచ్చిందే ఏడాది సంపాదన. ఆ మూడు నెలల కోసం జనవరి నుంచే బట్ట అరువు తెచ్చుకుంటాం, టైలర్లకు అడ్వాన్సులు ఇచ్చుకుంటాం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి మా ముందుగదిలో నీలం, బూడిద రంగు తానులు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. విజయవాడ వస్త్రలతలో హోల్‌సేల్ వ్యాపారికి రెండు లక్షల నలభై వేలు బాకీ. పోయినేడు కుట్టిన బట్టలకు స్కూళ్ళు ఇంకా డబ్బివ్వాలి. మావారి ఆటో ఇంటిముందు నిలబడిపోయింది.

ఓపిక పట్టు, అల్లాయే చూసుకుంటాడు అని ఫోను చేసినవాళ్ళందరూ అన్నారు. ఆ మాట నాకు బలమే ఇచ్చింది, నమాజు నా గుండెను నిలబెట్టింది. దానితోపాటు మా దీన్, అంటే మా మతం, నా చేతికి ఒక వరస కూడా ఇచ్చింది. డబ్బు కరువైనప్పుడు ముందు ఎవరికి కట్టాలి, దేని జోలికి పోకూడదు, అప్పు ఎలా అడగాలి, మనకు బాకీ ఉన్నవాళ్ళతో ఎలా మెలగాలి అన్నదానికి అందులో స్పష్టమైన దారి ఉంది. ఆ దారినే పోయాం. మేము చేసిన లెక్కలు, తీసుకున్న నిర్ణయాలు మరొకరికి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడు ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది. మసీదులు మూసి ఉన్నాయి. రంజాన్ రాత్రుల తరావీహ్ నమాజు ఇంట్లోనే చదువుకున్నాం. రంజాన్ వచ్చిందంటే నేను జకాత్, అంటే విధిగా ఇవ్వాల్సిన దానం, లెక్క కడతాను. ఈసారి లెక్కేంటి, మనమే ఒకరి ముందు చెయ్యి చాచేలా ఉన్నాం కదా అన్నారు మావారు. అయినా కాగితం తీశాను. నా ఐదు కాసుల బంగారం ఆనాటి ధరకు లక్షా డెబ్భై వేలు. బట్ట రెండు లక్షలు అనుకున్నాను, ఎందుకంటే కత్తిరించేసిన ముక్కకు ధర ఉండదు. చేతిలో ఇరవై వేలు. మొత్తం మూడు లక్షల తొంభై వేలు. అందులోంచి వ్యాపారి బాకీ, టైలర్ల కూలి, ఇంటద్దె కలిపి రెండు లక్షల డెబ్భై వేలు తీసేశాను. లక్షా ఇరవై వేలు మిగిలింది. రాని బిల్లులు, ఆ ఏడు హజ్‌కు వెళ్ళాలని హజ్ కమిటీకి కట్టేసిన వాయిదాలు మా ఇమామ్ గారిని అడిగి పక్కన పెట్టాను.

జకాత్ పడే కనీస ఆస్తిని నిసాబ్ అంటారు. మన దగ్గర దాన్ని 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండిగా లెక్కిస్తారు. సరుకు, రొక్కం, బంగారం అన్నీ కొంచెం కొంచెం ఉన్నవాళ్ళకి మా హనఫీల్లో వెండి కొలతే చూస్తారు. ఆ కొలతకు నేను ఇంకా పైనే ఉన్నాను. రెండున్నర శాతం చొప్పున మూడు వేలు ఇవ్వాలి.

ఆ కాగితం చూసుకున్నాక నాలుగు వారాలుగా పట్టని నిద్ర పట్టింది. అప్పటిదాకా రోజూ బాకీనే తలచుకుంటున్నాను, ఆస్తిని ఎప్పుడూ దాని పక్కన పెట్టి చూడలేదు. ఉన్నదీ ఇవ్వాల్సిందీ ఏడాదికోసారి ఒకే కాగితం మీద పెట్టి తీరాలని మా మతం విధించింది. భయంలో ఉన్న మనిషికి అంతకు మించిన ఆర్థిక సలహా ఏముంటుందో నాకు తెలియదు. మూడు వేలూ మా వీధి చివర పూలమ్మే ముసలామెకు, మరో రెండిళ్ళకు ఇచ్చేశాం.

బంగారం విషయంలో మాత్రం మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అందులో సగం పెళ్ళిలో భర్త ఇచ్చే మహర్, సగం మా నాన్న పెట్టింది. మహర్ భార్య సొంతం, భర్తకు దానిమీద హక్కు లేదు. మావారు నోరెత్తి అడగలేదు కూడా. తమ్ముడు ఫోనులో, “అక్కా, అమ్మకు. కుదువ పెట్టు. ధర ఇంకా పెరుగుతుంది” అన్నాడు. తెలిసినచోట నూటికి రెండు రూపాయల వడ్డీ అన్నారు. లక్షా ఇరవై వేలు తీసుకుంటే నెలకు రెండు వేల నాలుగు వందలు. ఇంట్లోకి రూపాయి రాని నెలలో బియ్యం కంటే ముందు ఆ వడ్డీ తియ్యాలి. తియ్యలేకపోతే అది అసలులో కలుస్తుంది. వడ్డీ మాకు హరామ్, అందుకని ఆ గడప తొక్కనన్నాను. కానీ మతం సంగతి పక్కన పెట్టి చూసినా, ఆదాయం ఎప్పుడు మొదలవుతుందో తెలియనివాళ్ళు నెలనెలా పెరిగే అప్పు చెయ్యకూడదనే అంటాను.

అమ్మేశాను. తరుగు పోను లక్షా అరవై వేల చిల్లర చేతికొచ్చింది. ఆగస్టులో పది గ్రాముల ధర 56 వేలు దాటింది. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు, బంగారం విలువలో 75 శాతం బదులు 90 శాతం దాకా అప్పివ్వడానికి బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. తమ్ముడు మళ్ళీ ఫోను చేశాడు. ఇవాళ్టి ధర చూస్తే రూపాయల లెక్కలో వాడి మాటే గెలుస్తుంది. అయినా ఆ నిర్ణయం మళ్ళీ తీసుకోవాల్సి వస్తే నేను అమ్మేదాన్నే. నాకు అప్పుడు కావలసింది లాభం కాదు, నెలనెలా ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని ఇల్లు.

ఆ డబ్బులోంచి మొదట టైలర్ల కూలి ఇచ్చాం. పనిచేసినవాడి కూలి ఆపడం గురించి మా ప్రవక్త చెప్పినంత గట్టిగా తక్కిన బాకీల గురించి చెప్పారో లేదో నాకు అనుమానమే. తర్వాత అద్దె, సరుకులు.

ఇక హజ్. 2020 హజ్‌కు డ్రాలో మా ఇద్దరి పేర్లూ వచ్చాయి. మాది నూర్‌బాషా కుటుంబం, మా తాత దూది ఏకేవాడు. మా వంశంలో మక్కా చూసినవాళ్ళు లేరు. జూన్‌లో సౌదీ ప్రభుత్వం బయటి దేశాలవాళ్ళను ఈసారి రానివ్వమని ప్రకటించింది. కట్టిన డబ్బంతా కోత లేకుండా వెనక్కిస్తామని హజ్ కమిటీ చెప్పింది. మా అత్తగారు, ఆ డబ్బు ముట్టుకోవద్దు, వచ్చే ఏడాదికి అట్టే పెట్టండి అన్నారు. ఆవిడ కోరిక నాకూ ఉంది. ఆ రాత్రి నేను బాగా ఏడ్చాను.

కానీ స్తోమత ఉన్నవారికే హజ్ విధి. బాకీలు తీరి, ఇల్లు గడవడానికి సరిపడా ఉన్నాకే స్తోమత. చనిపోయినవాడి ఆస్తిలో కూడా వారసుల వాటాల కంటే ముందు అప్పులే తీర్చాలి. జనాజా ముందుకొస్తే, ఇతనికి బాకీలున్నాయా అని ప్రవక్త అడిగేవారు. తర్వాతి కాలంలో చేతిలో వనరులు వచ్చాక, తీర్చలేక పోయినవారి అప్పులు తన మీదే వేసుకున్నారు. వాటి ముందు నా కోరిక చిన్నదయింది. హజ్ డబ్బు తీసుకెళ్ళి వస్త్రలతలో ముప్పాతిక బాకీ కట్టాం. కత్తిరించని తానులు కొన్ని వెనక్కి తీసుకుని మిగతా బాకీ కొట్టేస్తారా అని అడిగాం. సేటు ఒప్పుకున్నాడు. ఆయనది మా మతం కాదు. పైసా అదనంగా అడగలేదు. ఇంకా హజ్‌కు వెళ్ళలేదు, మళ్ళీ కూడబెడుతున్నాం.

ఇదే సమయంలో తమ్ముడి ఇంటి అప్పు సంగతి చూశాను. మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలల మారటోరియం ఇచ్చింది, తర్వాత ఆగస్టు ఆఖరుకు పొడిగించింది. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. వాడి అప్పు కాలం పొడుగైంది. రెండు కోట్ల లోపు అప్పులకు వడ్డీ మీద వడ్డీ భారాన్ని అక్టోబరులో కేంద్రం భరించింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మారటోరియం కాలానికి ఎవరి దగ్గరా చక్రవడ్డీ వసూలు చెయ్యకూడదంది. మామూలు వడ్డీ మాత్రం కట్టాల్సిందే. ఖురాన్‌లో సూరా బఖరా 280వ ఆయత్ కూడా గడువు గురించే చెబుతుంది. బాకీదారు ఇబ్బందిలో ఉంటే వీలయ్యేదాకా ఆగమని, వదిలేస్తే ఇంకా మేలని దాని భావం. అక్కడ కాలానికి ధర కట్టరు.

ఆ ఆయత్ నాకు కూడా వర్తించింది. మా దగ్గర అడ్వాన్సు తీసుకున్న టైలర్లలో ఒకామె భర్త లేని మనిషి. ఎనిమిది వేలు ఇవ్వాలి. పని లేదు కాబట్టి తీరే దారి లేదు. వదిలేశాను. దాన్ని జకాత్ కింద జమ వేసుకోవచ్చు కదా అని ఎవరో అన్నారు. కుదరదు. పాత బాకీ మాఫీ చేసి జకాత్ ఇచ్చానంటే చెల్లదని ఎక్కువమంది ఉలమాలు (మత పండితులు) చెబుతారు. రాని డబ్బుతో విధి తీర్చుకున్నట్టవుతుంది మరి. ఈ షరతు నాకు చాలా నచ్చింది.

పని మెల్లగా వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు మాస్కుల చొప్పున పంచాలని పొదుపు సంఘాల మహిళలతో కుట్టించింది. మా వీధి సంఘంవాళ్ళు చెయ్యలేనంత పని మాకు పంచారు. అక్టోబరు 8న విద్యా కానుక పథకం మొదలై ప్రభుత్వ బడి పిల్లలకు మూడేసి జతల బట్ట అందింది, నవంబరులో బడులు తెరిచారు. కుట్టించుకునే తల్లులు మా ఇంటికి వచ్చారు. పాత ఓవర్‌లాక్ మిషను ఒకటి కొనడానికి అరవై వేలు కావాలి. మా వదిన, అంటే మావారి అక్క, ఖర్జె హసనా (వడ్డీలేని అప్పు) ఇస్తానంది.

సొంత మనిషి కదా, కాగితం ఎందుకని నేనే మొదట అన్నాను. “సొంతమనే రాయాలమ్మా” అంది వదిన. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, బఖరా 282, అప్పు కాగితం గురించే. గడువు రాయాలి, సాక్షులుండాలి, అన్నిటికంటే ముఖ్యంగా అప్పు తీసుకున్నవాళ్ళే చెప్పి రాయించాలి. బలం ఇచ్చేవాడి వైపు ఉంటుంది కాబట్టి మాట తీసుకునేవాడి నోట రావాలి. నేను చెప్పాను, వదిన కొడుకు రాశాడు. నెలకు నాలుగు వేలు. రెండు నెలలు ఆలస్యమైనా వదిన ఇంట్లో నాకు టీ రుచి మారలేదు.

ఇప్పుడు మా మసీదులో పదిహేను కుటుంబాలం కలిసి వడ్డీలేని అప్పుల నిధి పెట్టుకున్నాం. హైదరాబాద్‌లో ఇలాంటి సంఘాలు నిజాం కాలంలోనే నడిచాయి. అక్కడే 1908లో పుట్టిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాశారు. మా నిధి చాలా చిన్నది. ఇరవై వేలకు మించి ఇవ్వం, ఆలస్య రుసుము లేదు. తీసుకున్నవాళ్ళలో ఇద్దరు కట్టడం మానేశారు. ఒకరి షాపు మూతపడింది, ఆయనకు గడువిచ్చాం. రెండో ఆయన ఈ మధ్యే కొత్త బండి కొన్నాడు. కట్టగలిగీ వాయిదా వెయ్యడం అన్యాయమని ప్రవక్త చెప్పారు కాబట్టి ఆయన్ని అందరి ముందు అడగాలని నేనంటున్నాను. ముందు ఇంటికెళ్ళి ఒంటరిగా మాట్లాడదామని ఇమామ్ గారంటున్నారు. ఈ శుక్రవారం మావారూ ఆయనా వెళ్తున్నారు.