మెట్ల మీద చప్పుడు

కంచన్‌బాగ్ మీదుగా వెళ్ళినప్పుడల్లా, డీఆర్‌డీఎల్ ప్రహరీని చూసి నాకు స్ఫురించేవి క్షిపణులు కావు, పసిపిల్లల కాళ్ళు.

అబ్దుల్ కలాం 1982లో ఆ ప్రయోగశాలకు సంచాలకులై వచ్చారు. అగ్ని క్షిపణికై రూపొందించిన తేలికపాటి పదార్థాన్ని ఒకనాడు నిమ్స్ ఎముకల వైద్యులొకరు చేతిలోకి తీసుకొని చూశారట. చూసి ఊరుకోలేదు, కలాంగారిని పంజాగుట్టలోని తమ ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ చిన్నారులు 3 కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమైనవని కలాంగారే చెప్పేవారు. పదార్థం అంతకుమునుపూ ప్రయోగశాలలోనే ఉన్నది. ఆ పిల్లల నడకను కళ్ళారా చూడడమొక్కటే కొత్తగా జరిగింది.

నా తరగతిలోనూ ఒక పోలియో బాలుడుండేవాడు. విరామంలో బల్ల వదిలి కదిలేవాడు కాదు. చదువుపై శ్రద్ధ కాబోలుననుకొని పదిమందిలో మెచ్చుకున్నాను కూడా! (పంతుళ్ళకు ఇటువంటి అన్వయాలు వెంటనే తోస్తాయి.) సంవత్సరాంతంలో ఒక సాయంత్రం, అందరూ వెళ్ళాక, వాడు మెట్లు దిగడం చూశాను. ఇనుము రాతికి తగిలే చప్పుడు ముందు, వాడు వెనుక. ఇరవై మెట్లకు నాలుగుసార్లు ఆగాడు.

మరునాటి నుంచి మా తరగతి కింది గదిలో జరిగింది.