వియ్యాలవారి ద్రాక్షతోట

ఫ్రాన్సులో వైను సీసామీద ద్రాక్ష పేరు కోసం వెతికితే చాలాచోట్ల కనిపించదు. ఊరి పేరుంటుంది. ఒక్కొక్కప్పుడు ఆ ఊళ్లో ఒక చేని పేరుంటుంది. ఊరి పేరు చెబితే అక్కడ పండే ద్రాక్ష ఏదో కొనేవాడికి తెలియకపోతుందా అని వాళ్ల ధీమా. మనం బంగినపల్లి అంటే మామిడిపండని వేరే చెప్పాలా? అలాగే అనుకోండి. ఒక్కటే తేడా. బంగినపల్లి అంటు తెచ్చి నూజివీడులో నాటినా అది బంగినపల్లే. అక్కడ మాత్రం గట్టు దాటితే పేరు చెల్లదు.

అరవయ్యేళ్లు దాటిన ఆడదానికి ఈ వైనుల గొడవ ఎందుకమ్మా అని మీరు ముక్కుమీద వేలేసుకుంటే నేనేమీ అనుకోను. దగ్గుమందు కొన్నా అందులో ఏం కలిసిందో చదివిగాని మావారు గొంతులో పోసుకోరు. అలాంటి ఇంటి పిల్ల వ్యవసాయశాస్త్రం చదవడానికి డిజోన్ వెళ్లి, బోన్ పట్నం దగ్గర పల్లెలో ద్రాక్షతోటలవారి అబ్బాయిని చేసుకుంటానంది. చేసుకుంది కూడా. “సారాయి కాచే ఇంటికి పిల్లనిచ్చారటగా!” అని మా బంధువుల్లో ఒకావిడ పెళ్లిపందిట్లోనే అంది. మావారు విననట్టు ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. పిల్ల ఎలాంటి ఇంట పడిందో నా కళ్లతో చూడాలని 2023లో ఆగస్టు చివర వెళ్లి, నవంబరుదాకా ఉన్నాను.

ముందుగా ఒక మనవి. అక్కడ నేను చుక్క కూడా ముట్టలేదు. కాబట్టి రుచి సంగతి నన్నడక్కండి. నేల సంగతి అడగండి, చెబుతాను. గుంటూరు జిల్లాలో రైతు కడుపున పుట్టినదాన్ని.

మొట్టమొదట తెలిసిందేమిటంటే, వాళ్లు కాచరు. బట్టీ లేదు, ఆవిరి పట్టే గొట్టాలు లేవు. నల్లద్రాక్షని చిదిపి తొక్కలతో సహా తొట్లలో పోస్తారు. అది దానంతటదే పులిసి పొంగుతుంది. ఆ పొంగు చూస్తే నాకు ఇడ్లీపిండి జ్ఞాపకం వచ్చింది. రసానికి రంగుండదు సుమండీ, ఎరుపంతా తొక్కది. తొక్క తగలకుండా వెంటనే పిండితే నల్లద్రాక్షలోంచీ తెల్లవైనే వస్తుంది.

డిజోన్ నుంచి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్లు సన్నని కొండవాలు ఒకటి సాగిపోతుంది. సున్నపురాయి, దానిమీద బంకమన్ను, తూర్పు ముఖం. కింద పల్లంలో నేల లోతుగా, తడిగా ఉంటుంది. మా నాన్నయితే ఆ పల్లంకోసమే ఎగబడేవాడు. ఆ మాటంటే మా వియ్యంకుడు నవ్వి తల అడ్డంగా ఊపాడు. పల్లంలో తీగ ఏపుగా పెరుగుతుంది, పండు చప్పబడుతుంది. మరీ పైకి పోతే మన్ను పలచన, చలి ఎక్కువ. వాలు నడిమి భాగంలో, నీరు నిలవని చోట, వేరు రాళ్ల సందుల్లో తడికోసం తడుముకునే చోట పండినదానికే విలువ. అలా పేరుపెట్టి గుర్తించిన చేలు ఆ ప్రాంతంలో 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

మా వియ్యంకుడి పదిహేనెకరాలూ ఒకచోట లేవు, పదకొండు ముక్కలు. విప్లవకాలంలో మఠాల భూములు అమ్మేశారు, తరవాత నెపోలియన్ చట్టం ఆస్తిని బిడ్డలందరికీ సమంగా పంచమంది. సన్యాసులు చుట్టూ గోడ కట్టి పెంచిన క్లో ద వూజో తోట 50 హెక్టార్లది. దానికి ఇప్పుడు 80 మంది దాకా యజమానులు. భాగాల బెడద మనకే ఉందనుకున్నాను!

అక్కడ ఎరుపుకి పినో న్వార్, తెలుపుకి షార్డొనే. పినో న్వార్ తొక్క పలచన. చలికీ, తెగులుకీ, మండుటెండకీ దేనికీ ఓర్వదు. గమే అనే మరో రకం విరగ కాస్తుంది. రైతులు దానికి మరిగితే, బర్గండీని ఏలే ఫిలిప్ ప్రభువు 1395లో ఆ తీగలు పీకెయ్యమని శాసనం చేశాడు. అదే గమే ఇంకాస్త దక్షిణాన, బొజొలేలోని గ్రానైటు నేలలో మంచి పేరు తెచ్చుకుంది.

ఒక రాత్రి అల్లుడు వంటింటి బల్లమీద దేశపటం పరిచి తక్కిన ప్రాంతాలు చూపించాడు. పడమట బోర్డో. అక్కడ మెదోక్‌లో గులకరాతి నేల. నీరు ఇంకిపోతుంది, పగటి వేడి రాళ్లలో దాగుతుంది. ఆలస్యంగా పండే కాబెర్నే సొవిన్యోకి కావలసింది అదే. పొమెరోల్‌లో చల్లని బంకనేల; అక్కడ ముందుగా పండే మెర్లో. ఉత్తరాన షాంపేన్‌లో సుద్దనేల, చలి. తూర్పున అల్సాస్‌కి వోజ్ కొండలు వాన రాకుండా అడ్డుపడతాయి; రీస్లింగ్ అని ద్రాక్ష పేరు సీసామీద వేసే అలవాటు వాళ్లకుంది. దక్షిణాన షాతోనఫ్ ద్యు పాప్‌లో కొన్ని చేలల్లో మన్నే కనబడదట, అన్నీ గుండ్రాళ్లే. ఆ వేడిలో గ్రెనాష్ పండుతుంది.

ఏ ఊళ్లో ఏ ద్రాక్ష వెయ్యాలో, హెక్టారుకి ఎంతకి మించి తియ్యకూడదో 1935 నుంచి చట్టం ఉంది. ఎక్కువ పండిస్తే తప్పయ్యే వ్యవసాయం నేను మరెక్కడా చూడలేదు.

సెప్టెంబరులో కోత. పొద్దు పొడవకముందే బయల్దేరి, నడుం వంచి, గుత్తి గుత్తీ కత్తెరతో కోస్తారు. సాయంత్రం మా వియ్యపురాలు వేడినీళ్ల సంచీ నడుముకి కట్టుకుని వంటకి కూర్చుంటే, నాకు మా అమ్మ కళ్లముందు మెదిలింది. మా నాన్న పొగాకు పండించాడు. ఆయన్ని ఎవరూ చుట్టలవాడనలేదు, రైతనే అన్నారు. ఈ ముక్క ఆ పెళ్లిపందిరి బంధువుకి ఇంకా చెప్పవలసి ఉంది.

వియ్యపురాలే నాకు అంటు సంగతి చెప్పింది. 1860ల తరవాత అమెరికానుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు ఫ్రాన్సు తోటల వేళ్లని తినేసింది. ఆ పురుగుకి తట్టుకునేవి అమెరికా వేళ్లే. అందుకని ఈనాడు అక్కడి తోటల్లో దాదాపు ప్రతి తీగా అమెరికా వేరుమీద కట్టిన ఫ్రెంచి కొమ్మే. “వేరొక దేశానిది, కొమ్మొక దేశానిది. అంటు కట్టినచోట కొన్నాళ్లు మైనం పూసి కాపాడుకోవాలి” అంది మా అమ్మాయివైపు చూస్తూ. ఆ మాట తెలుగులో చెప్పడానికి మా అమ్మాయికి కాస్సేపు గొంతు పెగల్లేదు.

బెంగంతా తీరిందా అంటే, ఒకటి తీరి ఇంకొకటి పట్టుకుంది. 2021 మార్చిలో ముందే వేడెక్కి చిగుళ్లు విచ్చాయి. ఏప్రిల్ మొదట్లో మంచు కురిసి గడ్డకట్టింది. సాళ్లమధ్య మైనం డబ్బాలు వెలిగించి రాత్రంతా కాపలా కాశారట. అయినా ముందుగా చిగిర్చిన షార్డొనేలో మూడోవంతు కూడా దక్కలేదు. బోన్‌లో కోత ఎప్పుడు మొదలయిందో 1354 నుంచి లెక్కలున్నాయి. 1988 తరవాత అది సగటున 13 రోజులు ముందుకు జరిగింది. ఊరు కదలదు, చట్టం ద్రాక్షని మార్చనివ్వదు, ఎండ మాత్రం ఆగడం లేదు.

వాళ్ల ముదురుతోట ఒకటి పీకి మళ్లీ వెయ్యాలి. నాటిన తీగ కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు, బతికేది యాభై ఏళ్లు. ఏ వేరుమీద అంటు కడితే 2050 నాటి ఎండకి తట్టుకుంటుందని మా అమ్మాయీ, వియ్యంకుడూ రోజూ వాదించుకునేవారు. ఆయన ఒకసారి నావైపు తిరిగి, మీ ఎండల్లో మీరేం చేస్తారని అడిగాడు. “కాయకి ఆకు నీడ ఉండనిస్తాం, మొదట్లో గడ్డి పరుస్తాం” అన్నాను. ఎండ పడేవైపు ఆకు దులపడం తానూ మానేశానన్నాడు.

మొన్న ఫోటో పంపారు. పాత తీగలు పీకేసిన చేను, వట్టి నేల. ఇంకా కొన్నాళ్లు బీడు పెడతారట. అది కాపుకొచ్చిన ఏడు మళ్లీ వెళతాను. మావారు కూడా వస్తానంటున్నారు, చేను చూడడానికి మాత్రమేనట.