పాలంపేటకు జీరో టికెట్

రామప్ప గుడిని కారులో వెళ్లి చూసొచ్చినవాళ్లు పాలంపేటను చూసినట్టు కాదు. కొంచెం పెద్ద మాటే. బస్సులో వెళ్లొచ్చాక మాత్రం అనకుండా ఉండలేకపోతున్నా.

హన్మకొండలో ఏటూరునాగారం వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సీట్లన్నీ ఆడవాళ్లవే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఫ్రీ. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. నేను డబ్బులిచ్చి టికెట్ తీసుకుని నిలబడ్డాను. కిటికీ పక్కన కూర్చున్న పెద్దామె నన్ను చూసి ఒకటే నవ్వు. "పైసలిచ్చినోడు నిలవడ్డడు, ఉత్తగ వచ్చినోళ్లం కూసున్నం. ఏం జెయ్యాలె బిడ్డా!"

మన బస్సులకీ ఒక నిచ్చెన ఉంది కదా: పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ, ఆ పైన ఏసీ బస్సులు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో బస్టాండ్‌లో అయిదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది. జీరో టికెట్ కింది మెట్ల వరకే.

నా పక్కన నిలబడ్డ అమ్మాయి హన్మకొండలో ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. ఊరు ములుగు దగ్గరే. మరి రోజూ వచ్చిపోవచ్చుగా, ఛార్జీ కూడా లేదు కదా అన్నాను. "షాపు మూసేసరికి తొమ్మిదిన్నర అయితది అన్నా. అప్పుడు మా ఊరికి బస్సేడ దొరుకుతది?" అంది. అందుకే నలుగురు కలిసి రూం తీసుకున్నారు. జీతంలో పెద్ద ముక్క దానికే పోతుంది. వారానికోసారి ఇంటికి. టికెట్ సున్నా అయినా, ఆమె ఎక్కడ బతకాలో తేల్చింది చివరి బస్సు టైమే.

హైదరాబాద్‌లో ఇదే కథ ఇంకా పెద్ద సైజులో కనిపిస్తుంది. కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇళ్లొచ్చినవాళ్లలో చాలామంది సిటీ లోపలి బస్తీల నుంచి వెళ్లినవాళ్లు. ఆ వైపు మెట్రో మియాపూర్‌లోనే ఆగిపోతుంది, కొల్లూరు అక్కడి నుంచి ఇంకా చాలా దూరం. ఇల్లు ఫ్రీగా వచ్చింది, పని మాత్రం పాత చోటే ఉండిపోయింది. అమెరికాలో పేదలు నగరం నడిబొడ్డునే ఎందుకు ఎక్కువగా ఉంటారని గ్లేజర్, కాన్, రాపాపోర్ట్ అనే ఆర్థికవేత్తలు 2008లో ఒక పేపర్ రాశారు. వాళ్లు చెప్పిన ముఖ్య కారణం సింపుల్: కారు కొనలేనివాళ్లు బస్సు, రైలు దొరికే చోటే ఉంటారు. మనం మాత్రం కారు లేనివాళ్లనే ఔటర్ రింగ్ రోడ్డు పక్కకి పంపిస్తున్నాం.

సరే, రామప్ప. ములుగు దాటాక జంగాలపల్లిలో దిగి షేర్ ఆటో ఎక్కాను. పొలాలు, చెరువు నీళ్లు, తర్వాత ఎర్రటి గుడి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. పునాదిలో ఇసుక, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. దేవుడి పేరు కాకుండా శిల్పి పేరుతో పిలిచే గుడి ఇది. ఆ ఒక్క విషయానికే నాకు భలే నచ్చుతుంది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. స్తంభాల దగ్గర, మదనికల కింద ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. బయట పార్కింగ్ నిండా కార్లు.

టీ కొట్టు ఆయన్ని, గిరాకీ పెరిగిందా అని అడిగాను. "కార్లయితే పెరిగినయ్ సార్. కార్లల్ల వచ్చినోళ్లు చూస్తరు, ఫొటో దిగుతరు, పోతరు. బస్సుకు వచ్చినోళ్లే ఛాయ్ తాగుతరు. బస్సు కోసం ఆగాలె గదా!"

నేను రెండో ఛాయ్ చెప్పాను.