జూరాల కట్ట నుంచి ఉమామహేశ్వరం దాకా

గద్వాల నుంచి ఆత్మకూరు వైపు సాగే దారి జూరాల ఆనకట్ట మీదుగా కృష్ణను దాటుతుంది. విమానాల సంకేతాలను నేల మీద పట్టదలచినవారికి, నీటి మీదుగా చూపు దూరం సాగే ఈ కట్ట మంచి తొలి మజిలీ. విమానం తన గుర్తింపును, ఎత్తును, వేగాన్ని, ఉపగ్రహాల సాయంతో కనుగొన్న స్థానాన్ని ఎవరూ అడగకుండానే 1090 మెగాహెర్ట్జ్‌పై ప్రసారం చేసే పద్ధతిని ఏడీఎస్-బీ అంటారు. దీన్ని అందుకోవడానికి 7 సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవున్న తీగ, చిన్న రిసీవరు, ల్యాప్‌టాప్ చాలు. ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి కనుక భూమి వంపే వాటికి హద్దు: 35,000 అడుగుల ఎత్తున పోయే విమానం సిద్ధాంతరీత్యా 420 కిలోమీటర్ల అవతల నుంచైనా అందుతుంది, 1,000 అడుగుల ఎత్తున ఉన్నది 70 కిలోమీటర్లు దాటితే అందదు. అందుకే బెంగళూరు విమానాలు కట్ట మీది తెరపై నిలకడగా కదులుతుండగా, 2021 మార్చిలో ప్రారంభమైన ఓర్వకల్లు విమానాశ్రయంలో దిగేవి నేలకు చేరువయ్యేకొద్దీ జారిపోతాయి.

కాక్‌పిట్‌లో లెక్క వేరు. అక్కడ కనిపించేది ప్రధానంగా టీకాస్, అంటే ఢీకొనే ముప్పును పసిగట్టే వ్యవస్థ. అది చుట్టుపక్కల విమానాలను 1030 మెగాహెర్ట్జ్‌పై పలకరించి 1090పై జవాబు రాబడుతుంది. ఖాళీ డైమండు గుర్తు పక్కన +10, పైకి చూపే బాణం ఉంటే, ఆ విమానం 1,000 అడుగులు పైన ఉండి ఇంకా ఎక్కుతోందని అర్థం. అది ఏ సర్వీసో ఆ తెర సాధారణంగా చెప్పదు. కట్ట మీద కూర్చున్నవారికి మాత్రం తెలుస్తుంది, ఇదొక చిత్రమే. అయితే పైలట్‌కు పేరుతో పనిలేదు, దగ్గరితనంతోనే పని. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించాకే భారత్‌లో ఈ పరికరం తప్పనిసరి అయింది.

మళ్లీ నేల మీదికి వస్తే, తర్వాతి మజిలీ వనపర్తిలో సంకేతాలు పట్టడానికి వీధి కంటే డాబా మేలు. అంతకుమించి చెప్పుకోదగ్గ తేడా లేదు. నాగర్‌కర్నూల్ దాటి, అచ్చంపేట మీదుగా నల్లమల అంచున ఉమామహేశ్వరం చేరితే కథ మారుతుంది. గుడి కొండచరియ కింద ఒదిగి ఉండటంతో, వెనుక దిక్కున పోయే విమానాల సంకేతాలను రాయే ఆపేస్తుంది. లోయ వైపువి మాత్రమే మిగులుతాయి. అదే కొండ మీదుగా వేల అడుగుల ఎత్తున ఎగిరే పైలట్‌కు ఆ అడ్డు లెక్కలోనిది కాదు.

తక్కువ ఎత్తున ఎగిరేవారికి మాత్రం నల్లమల పైనా కిందా కష్టమే. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్‌తో ఈ అడవుల మీదే సంబంధం తెగిపోగా, దాని శకలాలు మరునాటి ఉదయం గాని గాలింపు బృందాల కంటపడలేదు.